కొంచెం, కాస్త, అంతంతమాత్రం: అల్పత్వాన్ని తెలిపే ఇంగ్లీషు క్రియావిశేషణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో 'కొంచెం' అనే మాట చేయని పని లేదు. పరిమాణం తక్కువని చెప్పడానికీ, తీవ్రతను తగ్గించి చెప్పడానికీ, ఎదుటివారిని మర్యాదగా అడగడానికీ, నొప్పించే మాటను మెత్తబరచడానికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ఇంగ్లీషు ఈ పనులను వేర్వేరు మాటలకు పంచి ఇచ్చింది. పైగా ఆ మాటల్లో కొన్ని 'ఉంది' అనే వైపు నిలబడితే, మరికొన్ని 'లేదు' అనే వైపు మొగ్గుతాయి. నేర్చుకునేవారు తడబడేది 'ఎంత' అన్న చోట కన్నా 'ఏ వైపు' అన్న చోటనే ఎక్కువ. కింది జవాబుల్లో చాలావరకు ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఏయే మాటలు ఈ కోవలోకి వస్తాయి?

ఇంగ్లీషు వ్యాకరణంలో వీటికి 'డౌన్‌టోనర్స్' అనే ఉమ్మడి పేరుంది. పక్కనున్న మాట బలాన్ని తగ్గించేవి అని దాని భావం. 'స్లైట్‌లీ', 'ఎ లిటిల్', 'ఎ బిట్', 'సమ్‌వాట్', 'పార్ట్‌లీ' వంటివి ఒక గుణం ఉందని ఒప్పుకుంటూనే, అది కొద్దిగానే ఉందని చెబుతాయి. 'హార్డ్లీ', 'బేర్లీ', 'స్కేర్స్‌లీ' అనేవి దాదాపు లేదని చెబుతాయి. 'ఆల్మోస్ట్', 'నియర్లీ' గమ్యం దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయిన స్థితిని తెలుపుతాయి. 'ఫెయిర్లీ', 'రాదర్', 'క్వైట్', 'కైండ్ ఆఫ్' మొదలైనవి ఎక్కువా కాదు తక్కువా కాదు అనే నడిమి స్థితికి పనికివస్తాయి. ఈ విభజనను కంఠస్థం చేయనవసరం లేదు కాని, మొదటి గుంపును రెండో గుంపుతో కలిపేస్తే వాక్యం అర్థమే తలకిందులవుతుందన్న సంగతి మాత్రం మరచిపోకూడదు.

'లిటిల్', 'ఎ లిటిల్' మధ్య తేడా నిజంగా అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు కనుక, 'ఎ' అనే ఆ చిన్న అక్షరం మన చెవికి అలంకారప్రాయంగా తోస్తుంది. ఇంగ్లీషు వినేవారికి మాత్రం అది 'ఉంది'కీ 'లేదు'కీ మధ్య ఉన్న సరిహద్దు. 'షి స్లెప్ట్ ఎ లిటిల్' అంటే ఆమె కాసేపు నిద్రపోయింది అని అర్థం. కాస్తయినా నిద్ర పట్టిందన్న ఊరట అందులో ఉంది. 'షి స్లెప్ట్ లిటిల్' అంటే ఆమెకు నిద్ర పట్టిందే తక్కువ, దాదాపు పట్టలేదు అని అర్థం. జరిగిన నిద్ర రెండు వాక్యాల్లోనూ ఒక గంటే కావచ్చు. మాట్లాడే వ్యక్తి దాన్ని ఏ వైపు నుంచి చూస్తున్నాడన్నదే తేడా.

తారతమ్య రూపాల ముందు, అంటే 'బెటర్' వంటి పోలికను తెలిపే మాటల ముందు, ఈ తేడా మరింత పదునెక్కుతుంది. 'ద పేషెంట్ ఈజ్ ఎ లిటిల్ బెటర్' అంటే రోగికి కాస్త నయంగా ఉందని అర్థం. 'ద పేషెంట్ ఈజ్ లిటిల్ బెటర్' అంటే పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదని అర్థం. మొదటి మాట విన్న బంధువులు ఊపిరి పీల్చుకుంటారు, రెండోది విన్నవారు దిగులు పడతారు.

నామవాచకం ముందు వచ్చే 'లిటిల్' క్రియావిశేషణం కాదు గాని, సూత్రం అక్కడా ఇదే. ఉద్యోగపు ఇంటర్వ్యూలో 'ఐ హావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్' అన్న అభ్యర్థి, తనకు కొంత అనుభవం ఉందని చెప్పాననుకుంటాడు. ఎదుటివారు అతనికి అనుభవం లేనట్టేనని అర్థం చేసుకుంటారు. అతను అనవలసింది 'ఐ హావ్ ఎ లిటిల్ ఎక్స్‌పీరియన్స్' అని, లేదా మరింత నిండుగా 'ఐ హావ్ సమ్ ఎక్స్‌పీరియన్స్' అని.

తెలుగులోనూ ఈ భేదం ఉంది, కాకపోతే మనం దాన్ని వేరే మాటలతో చూపిస్తాం. 'నాకు ఆ విషయం కొంచెం తెలుసు' అనేది 'ఎ లిటిల్'. 'నాకు ఆ విషయం అంతంతమాత్రమే తెలుసు' అనేది 'లిటిల్'. నోటికి రాబోయే తెలుగు వాక్యంలో 'కొంచెం' ఉందా, 'అంతంతమాత్రం' ఉందా అని ఒక్క క్షణం చూసుకుంటే 'ఎ' పెట్టాలా వద్దా అన్నది తేలిపోతుంది.

మాట్లాడేటప్పుడు 'లిటిల్' ఒంటరిగా వస్తుందా?

అరుదుగా వస్తుంది. 'షి స్లెప్ట్ లిటిల్' వంటి వాక్యం రాతలో సహజంగా ఉన్నా, మాటల్లో కాస్త బిగుసుకున్నట్టు వినిపిస్తుంది. సంభాషణలో 'షి స్లెప్ట్ వెరీ లిటిల్' అనో, 'షి డిడ్‌న్ట్ స్లీప్ మచ్' అనో అంటారు. 'టూ', 'సో', 'వెరీ' అనే మాటలు ముందు చేరితే 'లిటిల్' మాటల్లోనూ ఇమిడిపోతుంది.

'ఎ బిట్'కూ 'ఎ లిటిల్'కూ అర్థంలో తేడా ఉందా?

అర్థంలో లేదు, స్థాయిలో ఉంది. 'ఎ బిట్' చనువైన మాట. 'ఎ లిటిల్' రాతలోనూ మాటలోనూ చెల్లుతుంది. రెండూ కలిసి 'ఎ లిటిల్ బిట్' అయితే చనువు ఇంకాస్త పెరుగుతుంది.

'బిట్' అనే మాట కొరకడాన్ని తెలిపే 'బైట్'కు చుట్టం. కొరికి తీసిన ముక్క అన్నది దాని పాత అర్థం. 'ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు' అని మనం అనే చోట 'ముక్క' చేస్తున్న పనినే ఇంగ్లీషులో 'నాట్ ఎ బిట్' అనే పదబంధంలో 'బిట్' చేస్తోంది. రెండు భాషలూ ముక్క నుంచే అల్పత్వాన్ని తీసుకున్నాయి.

వాడుకలో ఒక తేడాను గుర్తుంచుకోవాలి. నామవాచకం వచ్చినప్పుడు 'ఎ లిటిల్' నేరుగా చేరుతుంది, 'ఎ బిట్'కు మాత్రం 'ఆఫ్' కావాలి: 'ఎ లిటిల్ వాటర్', 'ఎ బిట్ ఆఫ్ వాటర్'. విశేషణం వచ్చినప్పుడు 'ఆఫ్' రాకూడదు. కనుక 'ఐ యామ్ ఎ బిట్ టైర్డ్' ఒప్పు, 'ఐ యామ్ ఎ బిట్ ఆఫ్ టైర్డ్' తప్పు. 'ఇట్ ఈజ్ ఎ బిట్ ఆఫ్ ఎ ప్రాబ్లెమ్' అనే వాక్యంలో రెండు ఆర్టికల్స్ ఉండటం చూసి చాలామంది అనుమానపడతారు కాని, అది సరైన వాడుకే. సమస్య చిన్నదే అన్నట్టు పలికే ఈ వాక్యాన్ని నిజంగా పెద్ద సమస్యకే వాడటం కూడా కద్దు.

'ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్' అంటారు, మరి 'ఎ బిట్ ఇంట్రెస్టింగ్' అని ఎందుకు అనరు?

'ఎ బిట్', 'ఎ లిటిల్' అనేవి సాధారణ విశేషణం ముందు వచ్చినప్పుడు సాధారణంగా అసంతృప్తినో విమర్శనో మోసుకొస్తాయి. అలసట, ఆలస్యం, చలి, గందరగోళం, అధిక ధర వంటి నచ్చని గుణాలతో అవి హాయిగా కలుస్తాయి: 'ఎ లిటిల్ టైర్డ్', 'ఎ బిట్ లేట్', 'ఎ బిట్ కన్‌ఫ్యూజింగ్'. మెచ్చుకోదగ్గ గుణాలతో కలిపితే వాక్యం తేడాగా వినిపిస్తుంది. 'షి ఈజ్ ఎ బిట్ కైండ్' అన్న వాక్యం విన్నవారికి ఇది పొగడ్తో, ఎత్తిపొడుపో అంతుపట్టదు. అక్కడ 'క్వైట్' లేదా 'రాదర్' వాడాలి.

ఇదే కారణంగా రంగు లేని విశేషణాలకు కూడా ఈ మాటలు రంగు పూస్తాయి. 'ద రూమ్ ఈజ్ ఎ బిట్ వార్మ్' అంటే గది వెచ్చగా హాయిగా ఉందని కాదు, ఉండవలసిన దానికన్నా ఎక్కువ వెచ్చగా ఉందని. తెలుగులో 'కొంచెం ఎక్కువైంది' అన్నప్పుడు వినిపించే ధ్వని ఇదే.

తారతమ్య రూపాలకు ఈ నియమం వర్తించదు. మునుపటి కన్నా కాస్త మెరుగు అన్న అర్థంలో 'ఎ బిట్ బెటర్', 'ఎ లిటిల్ కైండర్' నిరభ్యంతరంగా వాడవచ్చు.

'ఎ బిట్ ఓల్డ్ హౌస్' అనవచ్చా?

అనకూడదు. విశేషణం వెంటనే నామవాచకం వచ్చే చోట 'ఎ బిట్', 'ఎ లిటిల్' ఇమడవు. 'ఎ లిటిల్ ఓల్డ్ హౌస్' అంటే ఇంగ్లీషు చెవికి అది 'కాస్త పాత ఇల్లు' కాదు, 'చిన్న పాత ఇల్లు'. అక్కడ 'లిటిల్' ఇంటి పరిమాణాన్ని చెప్పే విశేషణంగా మారిపోతుంది. ఈ చోటుకు 'స్లైట్‌లీ', 'సమ్‌వాట్', 'రాదర్', 'ఫెయిర్లీ' తగినవి: 'ఎ స్లైట్‌లీ డ్యామేజ్డ్ బుక్', 'ఎ సమ్‌వాట్ డిఫరెంట్ మెథడ్'. 'ఎ బిట్'నే వాడాలనుకుంటే విశేషణాన్ని వాక్యం చివరికి జరపాలి: 'ద హౌస్ ఈజ్ ఎ బిట్ ఓల్డ్'.

'స్లైట్‌లీ'ని అన్ని విశేషణాలతోనూ వాడవచ్చా?

నిఘంటువులో 'కొద్దిగా' అని చూసి ఈ మాటను ఎక్కడబడితే అక్కడ తగిలించడం పరిపాటి. నిజానికి దానికి ఇష్టాయిష్టాలు ఉన్నాయి. ఇసుమంత ఉన్నా చాలు, ఆ గుణం ఉన్నట్టే లెక్కకు వచ్చే విశేషణాలతో అది బాగా కలుస్తుంది. తలుపు రవ్వంత తీసి ఉన్నా తీసి ఉన్నట్టే, బట్ట రవ్వంత తడిసినా తడిసినట్టే, ఇనుపచువ్వ రవ్వంత వంగినా వంగినట్టే. అందుకే 'స్లైట్‌లీ ఓపెన్', 'స్లైట్‌లీ వెట్', 'స్లైట్‌లీ బెంట్' సహజంగా ఉంటాయి.

పొడవు, తెలివి వంటి గుణాలకు అలాంటి మొదటి మెట్టు లేదు. ఎంత పొడవుంటే పొడగరి అవుతాడన్నది ఎవరితో పోలుస్తున్నామన్న దానిపై ఆధారపడుతుంది. అందువల్ల 'హి ఈజ్ స్లైట్‌లీ టాల్' అన్న వాక్యం అసంపూర్ణంగా వినిపిస్తుంది. వినేవారు దాన్ని 'కావలసిన దానికన్నా కాస్త పొడవు' అని సరిదిద్దుకుని అర్థం చేసుకోవలసి వస్తుంది. 'స్లైట్‌లీ టాలర్' అని తారతమ్య రూపం పెట్టగానే చిక్కు విడిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు పోలికకు ఒక కొలత దొరికింది.

ఇక మూడో రకం విశేషణాలు చివరి మెట్టు ఎక్కితేనే నిజమయ్యేవి. గ్లాసు నిండితేనే నిండినట్టు, గణిత సమాధానం అసాధ్యమైతే అసాధ్యమే. 'స్లైట్‌లీ ఫుల్', 'స్లైట్‌లీ ఇంపాజిబుల్' అనేవి హాస్యానికి తప్ప పనికిరావు. వీటికి 'ఆల్మోస్ట్', 'నియర్లీ' కావాలి. తెలుగులోనూ 'గ్లాసు కొంచెం నిండింది' అనడం కన్నా 'దాదాపు నిండింది' అనడమే సహజం కదా.

'సమ్‌వాట్' ఎప్పుడు వాడాలి?

నివేదికల్లో, వ్యాసాల్లో, జాగ్రత్తగా మాట్లాడవలసిన సందర్భాల్లో వాడాలి. ఇది 'స్లైట్‌లీ' కన్నా ఒక మెట్టు పైన ఉంటుంది; 'ఒకింత', 'కొంతమేరకు' అనే తెలుగు మాటల్లాగా దీనికి రాతభాష వాసన ఉంది. స్నేహితులతో 'ఐ యామ్ సమ్‌వాట్ హంగ్రీ' అంటే 'నేను ఒకింత ఆకలిగొని ఉన్నాను' అన్నట్టే ఉంటుంది. 'నాట్ సమ్‌వాట్' అనే వ్యతిరేక రూపం వాడుకలో లేదు.

ఇవి వాక్యంలో ఎక్కడ రావాలి?

విశేషణం ముందు వచ్చినప్పుడు ఇబ్బంది లేదు. క్రియతో వచ్చినప్పుడే చిక్కు, ఎందుకంటే తెలుగులో 'కొంచెం' ఎప్పుడూ క్రియకు ముందే ఉంటుంది. 'నాకు అది కొంచెం నచ్చింది' అనే వాక్యాన్ని మనసులో పెట్టుకుని 'ఐ ఎ లిటిల్ లైక్ ఇట్' అనేస్తారు. 'ఎ లిటిల్', 'ఎ బిట్' క్రియకు తరువాత, సాధారణంగా వాక్యం చివర వస్తాయి: 'ఐ లైక్ ఇట్ ఎ లిటిల్', 'వెయిట్ ఎ బిట్'. 'స్లైట్‌లీ', 'సమ్‌వాట్' క్రియకు ముందూ రావచ్చు, తరువాతా రావచ్చు: 'ప్రైసెస్ రోజ్ స్లైట్‌లీ', 'ఐ స్లైట్‌లీ ప్రిఫర్ ద సెకండ్ వన్'. 'రాదర్', 'క్వైట్' మాత్రం ముందే వస్తాయి: 'ఐ రాదర్ లైక్ ఇట్', 'ఐ క్వైట్ ఎంజాయ్డ్ ఇట్'. 'హార్డ్లీ', 'బేర్లీ', 'స్కేర్స్‌లీ' కూడా ప్రధాన క్రియకు ముందు, సహాయక క్రియ ఉంటే దాని తరువాత వస్తాయి: 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ'.

భాష తెలిసిన సంగతి చెప్పేటప్పుడు జరిగే ఒక పొరపాటును ఇక్కడే చెప్పుకోవాలి. 'ఐ స్లైట్‌లీ నో ఫ్రెంచ్' అనకూడదు. 'ఐ నో ఎ లిటిల్ ఫ్రెంచ్' అనాలి. తెలిసిన భాగం కొంచెం, తెలియడం అనే పని కొంచెం కాదు.

'కొంచెం ఆ పుస్తకం ఇవ్వండి' అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఈ వాక్యంలో 'కొంచెం' పుస్తకాన్నీ కొలవడం లేదు, ఇవ్వడాన్నీ కొలవడం లేదు. అడగడంలోని బరువును తగ్గిస్తోంది. 'కాస్త తలుపు తీయండి' అన్నవారికి తలుపు కాస్తే తెరవాలన్న ఉద్దేశం ఉండకపోవచ్చు. 'ఓపెన్ ద డోర్ ఎ లిటిల్' అని ఇంగ్లీషులో అంటే మాత్రం ఎదుటివారు తలుపును జానెడు తెరిచి ఊరుకుంటారు, అది వారి తప్పు కాదు.

ఇంగ్లీషు ఈ మర్యాదను వాక్య నిర్మాణంలో చూపిస్తుంది: 'కుడ్ యూ ఓపెన్ ద డోర్, ప్లీజ్?', 'వుడ్ యూ మైండ్ పాసింగ్ మి దట్ బుక్?'. కొన్నిసార్లు 'జస్ట్' అనే మాట మన 'కాస్త'కు దగ్గరగా వస్తుంది: 'కుడ్ యూ జస్ట్ హోల్డ్ దిస్?'. అడిగే పనికే హెచ్చుతగ్గులు ఉన్నప్పుడు మాత్రం 'ఎ బిట్' నిక్షేపంగా పనిచేస్తుంది. 'కుడ్ యూ స్పీక్ ఎ బిట్ లౌడర్?' అన్న వాక్యంలో అది కొలతనూ చెబుతోంది, మర్యాదనూ కాపాడుతోంది.

కాదని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి. 'ఇవాళ కొంచెం పని ఉంది' అని మనం తప్పించుకునే చోట 'ఐ యామ్ ఎ బిట్ బిజీ టుడే' అని వారూ తప్పించుకుంటారు. పని కొండంత ఉన్నా మాట మాత్రం ఇదే.

'హార్డ్లీ', 'స్కేర్స్‌లీ', 'బేర్లీ' ఒకటేనా?

చాలా చోట్ల ఒకదాని బదులు మరొకటి వాడినా అర్థం చెడదు, కాని వాటి మొగ్గులు వేరు. 'హార్డ్లీ' అన్నింటికన్నా ఎక్కువగా వినిపించేది. దాదాపు లేదు అని దాని తీర్పు. 'ఐ హార్డ్లీ నో హిమ్' అంటే అతనితో నాకు పరిచయం లేనట్టే. 'స్కేర్స్‌లీ' అదే అర్థాన్ని రాతభాషలో ఇస్తుంది, నేటి సంభాషణలో తక్కువగా వినిపిస్తుంది. 'బేర్లీ' మాత్రం అంచున నిలిచి గట్టెక్కినదాన్ని చెబుతుంది. 'హి బేర్లీ పాస్డ్' అంటే బొటాబొటి మార్కులతో గట్టెక్కాడని అర్థం.

ఈ మూడూ వ్యతిరేకార్థాన్ని తమలోనే దాచుకున్నాయి గనుక, వాటి పక్కన మరో 'నాట్' రాకూడదు. 'ఐ కాన్ట్ హార్డ్లీ హియర్' అనేది కొన్ని ప్రాంతీయ మాండలికాల్లో వినిపించినా, ప్రామాణిక ఇంగ్లీషులో తప్పుగానే లెక్క. తెలుగువారు ఈ పొరపాటు చేయడానికి కారణం ఊహించదగినదే: 'నాకు సరిగా వినపడటం లేదు' అనే వాక్యంలో 'లేదు' తప్పనిసరి. 'హార్డ్లీ' వచ్చిందంటే ఆ 'లేదు' కూడా వచ్చేసిందని గుర్తుంచుకోవాలి. ఇదే కారణంగా దాని పక్కన 'సమ్‌బడీ' కాక 'ఎనీబడీ' వస్తుంది: 'హార్డ్లీ ఎనీబడీ కేమ్'. ప్రశ్నార్థక తోకలు కూడా వ్యతిరేక వాక్యానికి ఉన్నట్టే సానుకూలంగా వస్తాయి: 'షి హార్డ్లీ స్పీక్స్, డజ్ షి?'.

'హార్డ్లీ'తో వాక్యం మొదలైతే సహాయక క్రియ కర్తకు ముందుకు దూకుతుంది. 'హార్డ్లీ హాడ్ ఐ సాట్ డౌన్ వెన్ ద ఫోన్ రాంగ్' అనే వాక్యాన్ని వివరించడానికి పాఠ్యపుస్తకాలు చాలా తంటాలు పడతాయి గాని, తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే నుడి ఉంది: 'కూర్చున్నానో లేదో, ఫోన్ మోగింది.' 'స్కేర్స్‌లీ' కూడా ఇలాగే 'వెన్'తో వస్తుంది. అదే పని చేసే 'నో సూనర్' మాత్రం 'దాన్'ను కోరుతుంది.

మరో వాడుకలో 'హార్డ్లీ' కొలతను వదిలేసి వాదనకు దిగుతుంది. 'దట్ ఈజ్ హార్డ్లీ ఫెయిర్' అంటే న్యాయం కొద్దిగా ఉందని కాదు, అదేమీ న్యాయం అనిపించుకోదని.

'హార్డ్' నుంచి 'హార్డ్లీ' వచ్చింది కదా, అర్థం ఎందుకు తిరగబడింది?

పాత ఇంగ్లీషులో 'హార్డ్లీ' అంటే గట్టిగా, బలంగా అనే అర్థమే ఉండేది. తరువాత 'కష్టం మీద' అనే అర్థం వచ్చింది. కష్టం మీద జరిగేది దాదాపు జరగనట్టే కనుక, చివరికి 'దాదాపు లేదు' దగ్గర స్థిరపడింది. నేడు 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తాడని, 'హి హార్డ్లీ వర్క్స్' అంటే పనే చేయడని అర్థం. సిఫారసు లేఖ రాసేవారు ఈ రెండింటినీ కలపకుండా చూసుకోవాలి.

'బేర్లీ పాస్డ్', 'నియర్లీ పాస్డ్' రెండూ అంచునే ఉన్నాయి కదా?

అంచున ఉన్నాయి, కాని అంచుకు చెరో పక్కన. 'బేర్లీ పాస్డ్' అన్నవాడు ఉత్తీర్ణుడు, 'నియర్లీ పాస్డ్' అన్నవాడు తప్పినవాడు. 'తృటిలో తప్పించుకున్నాడు' అనడానికి 'నియర్లీ ఎస్కేప్డ్' అనకూడదు, ఎందుకంటే అతను తప్పించుకోలేదని అర్థం వస్తుంది. 'నారోలీ ఎస్కేప్డ్' అనాలి.

'ఫెయిర్లీ', 'క్వైట్', 'రాదర్' ఏ వరుసలో వస్తాయి?

స్థూలంగా 'ఫెయిర్లీ' కింద, 'క్వైట్' దానిపైన, 'రాదర్' ఇంకాస్త పైన అని బ్రిటిష్ వాడుకను బట్టి చెబుతారు. 'ఓ మోస్తరుగా' అనే మన మాట 'ఫెయిర్లీ'కి బాగా సరిపోతుంది. పొగడ్తగా వాడితే అది చాలా పొదుపైన పొగడ్త. 'రాదర్'లో అనుకోనిది ఎదురైందన్న ధ్వని ఉంటుంది. 'ద ఫిల్మ్ వాజ్ రాదర్ గుడ్' అన్నవారు అంత బాగుంటుందని ఊహించలేదన్నమాట. ఒకప్పుడు 'రాదర్' అంటే 'మరింత ముందుగా' అని అర్థం. ముందుగా ఎంచుకునేది ఇష్టమైనదే కనుక 'ఐ వుడ్ రాదర్' అనే వాడుక అక్కడి నుంచి పుట్టింది.

'క్వైట్' దగ్గర రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, హెచ్చుతగ్గులు ఉన్న గుణాలతో అది మధ్యస్థాన్ని తెలుపుతుంది, హెచ్చుతగ్గులు లేని గుణాలతో సంపూర్ణతను తెలుపుతుంది. 'క్వైట్ గుడ్' అంటే ఫరవాలేదు అన్నట్టు. 'క్వైట్ ఇంపాజిబుల్' అంటే ముమ్మాటికీ అసాధ్యం. రెండోది, అమెరికా వాడుకలో 'క్వైట్ గుడ్' అన్నది చాలావరకు నిజమైన మెచ్చుకోలే, బ్రిటన్‌లో అదే మాట గొంతును బట్టి చప్పటి ప్రశంస కావచ్చు. ఎదుటివారి దేశం తెలియనప్పుడు మెచ్చుకోలుకు 'వెరీ గుడ్' అనడమే క్షేమం.

తారతమ్య రూపాల ముందు, 'టూ' ముందు ఏవి చెల్లుతాయి?

'ఎ లిటిల్', 'ఎ బిట్', 'స్లైట్‌లీ', 'సమ్‌వాట్', 'రాదర్' చెల్లుతాయి: 'ఎ లిటిల్ చీపర్', 'స్లైట్‌లీ టూ బిగ్'. 'ఫెయిర్లీ' చెల్లదు. 'క్వైట్' కూడా చెల్లదు, ఒక్క 'క్వైట్ బెటర్' తప్ప. అక్కడ దాని అర్థం జబ్బు పూర్తిగా నయమైందని.

'నాట్ ఎ లిటిల్', 'నాట్ ఎ బిట్' రెండూ 'కొంచెం కూడా కాదు' అనేనా?

కాదు. ఈ రెండూ పరస్పరం విరుద్ధమైనవి. 'ఐ వాజ్ నాట్ ఎ బిట్ సర్‌ప్రైజ్డ్' అంటే నాకు రవ్వంత కూడా ఆశ్చర్యం కలగలేదు అని అర్థం. 'ఐ వాజ్ నాట్ ఎ లిటిల్ సర్‌ప్రైజ్డ్' అంటే నాకు ఆశ్చర్యం కొంచెం కాదు, చాలా కలిగింది అని అర్థం. 'వాడి అల్లరి ఇంతా అంతా కాదు' అన్నప్పుడు మనం కొలతను కాదంటూనే పెంచుతాం కదా, 'నాట్ ఎ లిటిల్' కూడా అదే ఎత్తుగడ. ఇది పాతకాలపు రాతశైలి. చదివినప్పుడు అర్థమైతే చాలు, వాడనవసరం లేదు.

ఇదే తోవలో 'క్వైట్ ఎ బిట్' అంటే కొంచెం కాదు, బాగానే అని. చూడటానికి అల్పార్థకంలా కనిపించి అధికార్థం ఇచ్చే ఈ పదబంధం రోజువారీ సంభాషణలో తరచుగా వస్తుంది గనుక దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

'కొంచెం కొంచెంగా', 'ఇంకొంచెం', 'కొంచెమైనా' వంటి వాటికి ఏమనాలి?

'కొంచెం కొంచెంగా' అనడానికి 'లిటిల్ లిటిల్' అనకూడదు. మాటను రెట్టించడం మన పద్ధతి, మధ్యలో 'బై' పెట్టడం వారి పద్ధతి: 'లిటిల్ బై లిటిల్', 'బిట్ బై బిట్'. 'ఇంకొంచెం' అంటే 'ఎ లిటిల్ మోర్'. 'కొంచెంసేపు' అంటే 'ఫర్ ఎ లిటిల్ వైల్'. 'కొంచెమైనా సిగ్గు లేదు' వంటి వాక్యాల్లో 'ఎట్ ఆల్' సరిపోతుంది. మరింత నొక్కి చెప్పాలంటే 'నాట్ ఇన్ ద లీస్ట్', 'నాట్ ఇన్ ద స్లైటెస్ట్' ఉన్నాయి.

'కైండ్ ఆఫ్', 'సార్ట్ ఆఫ్', 'ఎ టాడ్' (రవ్వంత) రాతలో వాడవచ్చా?

వ్యక్తిగత ఉత్తరాల్లో వాడవచ్చు, పరీక్ష వ్యాసంలోనూ కార్యాలయపు నివేదికలోనూ వద్దు. 'కైండ్ ఆఫ్', 'సార్ట్ ఆఫ్' అనేవి కొలత కన్నా సందేహాన్ని ఎక్కువగా చెబుతాయి. 'ఒక రకంగా' అని మనం నసిగినట్టు ఉంటుంది. అలాంటి చోట రాతలో గుణానికి తగ్గ క్రియావిశేషణాన్ని ఎంచుకోవడం మేలు. పోలిక తెలిసీ తెలియనట్టు ఉంటే 'వేగ్‌లీ ఫెమిలియర్', లీలగా వినిపిస్తే 'ఫెయింట్‌లీ ఆడిబుల్', అంకెల్లో తేడా స్వల్పమైతే 'మార్జినలీ హయ్యర్' అంటారు. తెలుగులో 'లీలగా' వినిపిస్తుంది గాని 'లీలగా' పెరగదు. అలాగే ఇంగ్లీషులోనూ ధరలు 'ఫెయింట్‌లీ' పెరగవు.